పాత కంప్యూటరుకు కరెంటు ఇచ్చే ముందు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పంచాంగ శ్రవణమూ, పద్యాలూ, పిల్లల పాటలూ విన్న చెవులతో ఇనుప పెట్టెల గురించీ, కరెంటు తీగల గురించీ వినండని అడగడం సాహసమే. అయినా కార్యదర్శిగారు, "నీవు ఆ పాత కంప్యూటరును బాగుచేసిన సంగతి నలుగురికీ చెప్పు, బాగుచేయక ముందు పాడుచేసిన సంగతి కూడా దాచకుండా చెప్పు" అని ఆజ్ఞ ఇచ్చారు. మొదటిది చెప్పడం సులభం. రెండవది చెప్పడానికే ముఖ్యంగా ఇక్కడ నిలబడ్డాను.

నేను ఇంజనీరును కాను. పదవ తరగతి ప్యాసైనవాణ్ణి. నాన్నగారు సర్వీసులో వుండగానే కాలం చేస్తే ఆ నియామకం మీద రైల్వేలో చేరి, తరువాత డిపార్టుమెంటు పరీక్ష వ్రాసి పార్శిల్ ఆఫీసులో గుమాస్తానయ్యాను. కాబట్టి నా మాటలలో పాండిత్యం వుండదు. చేతులు కాల్చుకున్నవాడి అనుభవం మటుకు వుంటుంది.

మన ఖుర్దా రోడ్డులో తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారు కారు. 1890ల దశకంలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే లైను వేసిన నాటి నుంచి ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి, పార్వతీపురం వైపు నుంచి మనవాళ్లు ఈ లైను వెంబడే వచ్చారు. ఎవరు ఏ వూరి నుంచి వచ్చారు, ఇంటిపేరు ఏమిటి, ఏ శాఖలో చేరారు అన్న వివరాలతో మన సంఘానికి ఒక రిజిస్టరు వుండేది. మా నాన్నగారు సంఘానికి సహాయ కార్యదర్శిగా వున్న రోజులలో, 1994లో, ఒక కార్యాలయం వారు తీసివేసిన కంప్యూటరును చందాలు వేసి కొన్నారు. 386 జాతి యంత్రం, నలభై మెగాబైట్ల హార్డ్ డిస్కు. నాన్నగారు డ్యూటీ దిగి వచ్చి రాత్రిపూట ఒక్కొక్క వేలితో కొడుతూ రిజిస్టరంతా అందులో ఎక్కించారు. తెలుగు అక్షరాలు అందులో లేవు గనుక ఇంటిపేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టారు.

1999 అక్టోబరు 29న వచ్చిన మహా తుపాను మీకందరికీ జ్ఞాపకమే. సంఘం గది పైకప్పు లేచిపోయి, బీరువాలోని కాగితాలు ముద్దయిపోయాయి. కంప్యూటరు మా క్వార్టరులో వుండడం చేత మిగిలింది. ఆ తరువాత కొన్నాళ్లు నడచి, కొత్త యంత్రాలు వచ్చాక అటకెక్కింది. నాన్నగారు 2009లో పోయారు. రిజిస్టరుకు మిగిలిన ఏకైక ప్రతి ఆ డిస్కులోనే వున్నదన్న సంగతి మనందరికీ తట్టింది రెండేళ్ల క్రితం, సంఘం చరిత్ర వ్రాయాలన్న తీర్మానం వచ్చినప్పుడు.

డిస్కును ఊడదీసి, ఇప్పటి కంప్యూటరుకు అడాప్టరుతో తగిలించి చూశాను. అది గుర్తించలేదు. అంత పాత డిస్కులు లెక్కపెట్టే పద్ధతి వేరు. ఇప్పటి అడాప్టర్లలో చాలా వాటికి ఆ భాష తెలియదు. ఆ కాలపు డిస్కును చదవాలంటే ఆ కాలపు యంత్రమే లేవాలి. అందుచేత పాత పెట్టెను దింపి, దుమ్ము దులిపి, మదర్‌బోర్డును బయటికి తీసి తుడిచి మళ్లీ బిగించాను. పవర్ సప్లై నుంచి వచ్చే రెండు ప్లగ్గులను బోర్డులో గుచ్చాను. స్విచ్చి వేశాను.

ఫ్యాను కొంచెం కదిలి ఆగింది. ఒక చిటికెడు పొగ వచ్చింది. కాలిన వాసన మా ఇంట్లో రెండు రోజులు పోలేదు. డిస్కును పక్కన బల్లమీద పెట్టి మళ్లీ తగిలించడం మరచిపోయాను గనుక అది బ్రతికింది. నా తెలివి వల్ల కాదు, నా మరపు వల్ల.

ఏమి తప్పు జరిగిందో చెబుతాను. ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు 1981లో వచ్చింది, ఏ.టి. అనే నమూనా 1984లో వచ్చింది. ఆ వంశపు యంత్రాలన్నిటిలో మదర్‌బోర్డుకు కరెంటు రెండు ప్లగ్గుల ద్వారా వస్తుంది. ఒక్కొక్క దానిలో ఆరు తీగలు. వాటికి పి-8, పి-9 అని పేర్లు. రెండూ చూడడానికి ఒక్కలాగే వుంటాయి, ఒకదాని చోట ఒకటి దూరుతాయి. పి-8లో వరుసగా పవర్ గుడ్ అనే సంకేతపు తీగ, +5 వోల్టులు, +12 వోల్టులు, -12 వోల్టులు, తరువాత రెండు భూమి తీగలు. పి-9లో మొదట రెండు భూమి తీగలు, తరువాత -5 వోల్టులు, ఆపైన మూడు +5 వోల్టుల తీగలు. భూమి తీగలు నలుపు, +5 ఎరుపు, +12 పసుపు. సరిగా గుచ్చితే నాలుగు నల్ల తీగలు మధ్యలో ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. నేను తారుమారు చేయడంతో నల్లవి రెండు చివరలకూ పోయి, భూమి వుండవలసిన చోట +5, +5 వుండవలసిన చోట -12 చేరాయి. బోర్డు అట్టే సేపు బాధపడలేదు, పాపం.

1995లో ఇంటెల్ వారు ఏ.టి.ఎక్స్. అనే కొత్త పద్ధతి తెచ్చినప్పుడు రెండు ప్లగ్గులు తీసేసి, ఒకే వైపు నుంచి మాత్రమే దూరే ఇరవై పిన్నుల ప్లగ్గు పెట్టారు. అంతకు ముందువాటికి మటుకు "నలుపు పక్కన నలుపు" అన్న మూడు మాటలే కాపలా.

మరునాడు కాలిన బోర్డును పట్టుకుని, మన కాలనీలో ట్రైన్ లైటింగ్ శాఖలో ఫిట్టరుగా చేసి రిటైరైన మావయ్యగారి దగ్గరకు పోయాను. ఆయన పేరు చెప్పవద్దన్నారు, సభలోనే వున్నారు. ఆయన బోర్డును అటూ ఇటూ తిప్పి వాసన చూసి, "ఇది ఇరవై యేళ్లు ఆగింది గదా బాబూ, ఇంకొక్క పూట ఆగలేదా?" అన్నారు. నాకు జవాబు లేదు. తరువాత, "మళ్లీ మొదలు పెట్టు. ఈసారి గోడ దగ్గర మొదలు పెట్టి లోపలికి రా. ఒక్కొక్క మజిలీ దగ్గర కొలిచిగాని ముందుకు పోకు" అన్నారు. నేను ఈ రోజు చెప్పే మాటంతా ఆ ఒక్క మాటే. ఆ మజిలీలను వరుసగా మనవి చేస్తాను.

మొదటిది, గోడ. మన క్వార్టర్లలో చాలా చోట్ల మూడు రంధ్రాల సాకెట్టు వుంటుంది గాని ఎర్తు తీగ లోపల దేనికీ కలిసి వుండదు. మల్టీమీటరును ఏ.సి. వోల్టుల మీద పెట్టి చూడండి. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య సుమారు 230, ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య కొద్ది వోల్టులే వుండాలి. ఎర్తు లేకపోతే ఏమవుతుందంటారా? పవర్ సప్లై లోపల, మెయిన్సు తీగల రెండింటి నుంచీ పెట్టె రేకుకు చిన్న కెపాసిటర్లు కట్టి వుంటాయి. రేడియోకు గరగర రాకుండా వుండడానికి అవి కావాలి. ఎర్తు వుంటే వాటి కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే పెట్టె రేకు మీద మెయిన్సులో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. ముట్టుకుంటే చీమ కుట్టినట్లు జివ్వుమంటుంది. "కంప్యూటరన్నాక అంతే" అని చాలా ఇళ్లలో సరిపెట్టుకుంటారు. ఆ కరెంటు సాధారణంగా ఒక మిల్లీ ఆంపియరు లోపే. కాని నిజంగా ఫేజు తీగ ఒరుసుకుని రేకుకు తగిలినా మొదట జివ్వుమనడమే కనిపించవచ్చు. రెండింటికీ తేడా చేతితో తెలుసుకోవాలని చూడకండి. అదీగాక అట్లాంటి పెట్టెకు ప్రింటరో, మానిటరో తగిలించిన క్షణంలో ఆ వోల్టేజి లోపలి చిప్పుల మీదుగా దారి వెతుక్కుంటుంది. మూడవ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల ప్లగ్గుగా వాడే అలవాటు మానుకోవలసిందని తల్లులకు ప్రత్యేకంగా మనవి.

రెండవది, పెట్టె వెనుక వుండే చిన్న ఎర్ర స్విచ్చి. పాత పవర్ సప్లైలకు 115, 230 అని రెండు గుర్తులతో ఒకటి వుంటుంది. మన దేశంలో 230 కనిపించాలి. 230 దగ్గర మెయిన్సును సరళ కరెంటుగా మార్చితే సుమారు 325 వోల్టులు వస్తుంది. దానిని వరుసగా కట్టిన రెండు పెద్ద కెపాసిటర్లు పంచుకుంటాయి. అవి ఒక్కొక్కటి సాధారణంగా 200 వోల్టులకు తయారు చేసినవి. స్విచ్చి 115 వైపు వుంటే ఆ ఏర్పాటు వోల్టేజిని రెట్టింపు చేసే ఏర్పాటుగా మారి, ఒక్కొక్క కెపాసిటరు మీదా 325 వోల్టులు పడతాయి. అవి పేలతాయి. దుమ్ము తుడిచేటప్పుడు గుడ్డ తగిలి ఆ స్విచ్చి జరగవచ్చు. విదేశం నుంచి చుట్టాలు తెచ్చిన యంత్రమైతే తప్పక చూసుకోవాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ప్లగ్గు పీకేసినా ఆ పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టులు కొంతసేపు నిలిచే వుంటుంది. పని తెలియనివారు పవర్ సప్లై పెట్టె మూత తీయకూడదు. నేనూ తీయలేదు, మావయ్యగారే తీశారు. తీసి, అరగంట ఆగి, మీటరుతో కొలిచి, ఆ తరువాతే వేలు పెట్టారు. మెయిన్సు తీగలకు అడ్డంగా కట్టే పాతకాలపు కాగితపు కెపాసిటర్లు కొన్ని యంత్రాలలో వుంటాయి. వాటి పైపూత సన్నగా పగుళ్లు బారి, తేమ లోపలికి చేరి, కరెంటు ఇచ్చిన కొద్ది నిమిషాలకు పొగ విడుస్తాయి. మన దేశంలో 1984లో బడిపిల్లలకు కంప్యూటరు పరిచయం చేయడానికి ఆరంభించిన క్లాస్ పథకంలో వాడిన బి.బి.సి. మైక్రో జాతి యంత్రాలలో ఈ జబ్బు ప్రసిద్ధం. ఏదైనా బడి వారి దగ్గర అది మిగిలి వుంటే, స్విచ్చి వేయక ముందే ఆ కెపాసిటరును మార్పించమని చెప్పండి. సముద్రపు తేమ గల మన ప్రాంతంలో ఇది మరీ అవసరం.

మూడవది, ముందు భాగంలోని స్విచ్చి. ఏ.టి. పెట్టెలలో చాలావాటికి ముందు వైపున నొక్కే మీట ఇప్పటివాటిలాగా ఉత్త సంకేతపు మీట కాదు. వెనుక నుంచి లావుపాటి నల్లని తొడుగులో నాలుగు తీగలు వచ్చి ఆ మీటకు గుచ్చుకుని వుంటాయి. వాటిలో నడిచేది అసలు 230 వోల్టుల మెయిన్సు. రెండు తీగలు గోడ నుంచి వచ్చేవి, రెండు పవర్ సప్లై లోపలికి పోయేవి. వాటిని ఊడదీసి తారుమారుగా గుచ్చితే, మీట నొక్కిన క్షణంలో ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిసి ఇంటి ఎం.సి.బి. పడిపోతుంది. రంగులను నమ్మవద్దు, తయారీదారునిబట్టి మారుతాయి. ఊడదీయక ముందే బొమ్మ గీసుకుని ఒక్కొక్క తీగకు చీటీ కట్టండి. చీటీ కట్టడం మరచిపోతే, ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీసి, మీటరును ఓముల మీద పెట్టి, ప్లగ్గు ఫేజు పిన్నుకు ఏ తీగ కలుస్తున్నదో, న్యూట్రలు పిన్నుకు ఏ తీగ కలుస్తున్నదో చూసుకోవాలి. ఆ రెండూ మీటలో ఒకే జతకు చేరకూడదు. అన్నీ అయ్యాక ఆ కొనలను తొడుగులతో కప్పండి. మూత తీసిన పెట్టెలో చెయ్యి పెట్టేటప్పుడు మన వేళ్లకు అందుబాటులో వుండే 230 వోల్టుల చోటు అదొక్కటే.

నాలుగవది, సీరీస్ బల్బు. మన రేడియో మెకానిక్కుల దుకాణాలన్నిటిలో వుండే చెక్క బోర్డే. ఒక సాకెట్టు, దానికి సీరీసులో ఒక అరవై లేక నూరు వాట్ల పాత తీగ బల్బు. ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు. అనుమానమున్న పవర్ సప్లైని మొదటిసారి దాని ద్వారానే మేల్కొలపాలి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే లోపల పెద్ద షార్టు లేదన్న మాట. పూర్తి వెలుగుతో నిలిచిపోతే షార్టు వున్నది. కాని కరెంటును బల్బు మింగేసింది గనుక ఇల్లు కాలదు. బల్బు వుండగా ఈ రకం సప్లైలు సరిగా లేవక వెలిగి ఆరి, వెలిగి ఆరి చేయవచ్చు. అది జబ్బు కాదు. షార్టు లేదని తేలాక బల్బు తీసేసి ముందుకు పోవాలి.

ఐదవది, బరువు. దీని దగ్గర చాలామంది మోసపోతారు. ఆ కాలపు సప్లైలు ఉత్తవిగా, ఏమీ తగిలించకుండా స్విచ్చి వేస్తే లేవకపోవచ్చు, లేదా తప్పు వోల్టులు చూపవచ్చు. చూసినవారు సప్లై చచ్చిందని పారవేస్తారు. కొంత బరువు ఎత్తితేనే అవి నిలకడగా నిలబడతాయి. అట్లాగని మన అపురూపమైన బోర్డునే బరువుగా పెట్టకూడదు. మావయ్యగారు +5 తీగకూ నల్ల తీగకూ మధ్య మోటారు సైకిలు ఇండికేటరు బల్బు ఒకటి, +12 తీగకు మరొకటి కట్టారు. 12 వోల్టులు, 21 వాట్ల బల్బు 5 వోల్టుల మీద ఎర్రగా మందంగా వెలుగుతూ సుమారు ఒక ఆంపియరు తీసుకుంటుంది. అప్పుడు కొలిచాము. +5 తీగ మీద 4.75 నుంచి 5.25 లోపల, +12 మీద 11.4 నుంచి 12.6 లోపల వుండాలి. -12 మీద కొంచెం ఎక్కువ తేడాను సహించవచ్చు. మాకు 5.02, 12.1 వచ్చాయి. బోర్డు కాలినా పవర్ సప్లై తన్ను తాను ఆపుకుని బ్రతికిందని అప్పుడు తెలిసింది.

ఆరవది, బోర్డు. భువనేశ్వరంలో పాత సామాన్ల వ్యాపారి దగ్గర అదే జాతి బోర్డు ఒకటి దొరికింది. దానిని సప్లైకి తగిలించక ముందు, ఓముల మీద కొలిచాము. నల్ల తీగ చోటుకూ +5 చోటుకూ మధ్య కొన్ని పదుల ఓములు కనిపిస్తే భయపడనక్కరలేదు. ఆ బోర్డులు మామూలుగానే అంత కరెంటు తాగుతాయి. ఒక ఓముకు లోపల కనిపిస్తే షార్టు. +5 బాగానే వున్నది. +12 చోట మీటరు సున్న చూపింది. కార్డులు గుచ్చే చోట్ల పక్కన కందిగింజంత నీటిబొట్టు ఆకారపు కెపాసిటర్లుంటాయి. టాంటలం అనే లోహంతో చేసినవి. ముప్ఫై యేళ్లు గడిచాక వాటిలో కొన్ని లోపలే షార్టవుతాయి. అట్లాంటి బోర్డుకు కరెంటు ఇస్తే సప్లై ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతుంది; లేదా ఆ బొట్టు నిప్పు ముక్కలాగా పేలుతుంది. +12 తీగ మీద వున్న ఒకదాని కాలు కత్తిరించగానే షార్టు పోయింది. దాని స్థానంలో అంతే విలువ గలది, 25 వోల్టులకు పనికివచ్చేది, ప్లస్సు గుర్తు సరిచూసుకుని అతికాము. తిరగేసి అతికితే అది మళ్లీ పేలుతుంది.

అప్పుడు నల్ల తీగలు నాలుగూ పక్కపక్కన వచ్చేటట్లు ప్లగ్గులు గుచ్చాను. మావయ్యగారు నా చేత మూడుసార్లు చూపించి, మూడుసార్లు పైకి చదివించారు. స్విచ్చి వేశాము. తెరమీద అక్షరాలు వచ్చాయి. పది నిమిషాలు నడచి, యంత్రం బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ పది నిమిషాలు.

ఏడవ మజిలీ అదే. పవర్ సప్లై దగ్గర కొలిస్తే 5.02 వస్తున్నది, తప్పు లేదు. నాకు దిక్కు తోచలేదు. అప్పుడు నా ఉద్యోగమే అక్కరకు వచ్చింది. పార్శిల్ బరువు తగ్గిందని ఫిర్యాదు వస్తే మేము ఏమి చేస్తాము? పంపిన స్టేషనులో తూకమూ, చేరిన స్టేషనులో తూకమూ పక్కపక్కన పెట్టి చూస్తాము. రెండూ సరిపోతే ఫిర్యాదు అబద్ధం. సరిపోకపోతే నష్టం దారిలో జరిగింది. అట్లాగే బోర్డు మీద, చిప్పు కాళ్ల దగ్గర కొలిచాను. 4.60 వచ్చింది. దారిలో 0.42 వోల్టు పోయింది. బోర్డు ఆరు ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, 0.07 ఓము చాలు ఇంత మింగడానికి, ఆరును 0.07తో గుణిస్తే 0.42. అంత చిన్న ఓమును మన మామూలు మీటరు చూపలేదు. యంత్రం నడుస్తుండగా తీగ చివరా, బోర్డు పిన్నూ, ఈ రెంటికీ మధ్య వోల్టులు కొలిస్తేనే దొంగ దొరుకుతుంది. ఇది తక్కువ వోల్టుల వైపు పని గనుక చేయవచ్చు. కాని మీటరు కొన జారి పక్క పిన్నుకు తగలకుండా చూసుకోవాలి. ప్లగ్గు తీసి చూస్తే రెండు ఎర్ర తీగల పిన్నులు గోధుమరంగుకు తిరిగి వున్నాయి. చిలుము పట్టి, పట్టు వదులై, వేడెక్కి, వేడికి మరింత వదులై అట్లా అయ్యాయి. వాటిని తీసి కొత్త పిన్నులు బిగించి, మిగతావి శుభ్రం చేశాము. బోర్డు మీద 4.96 వచ్చింది. యంత్రం సాయంత్రం దాకా ఆగలేదు.

ఎనిమిదవది మీకు నచ్చుతుంది. మొదట పేర్కొన్న పవర్ గుడ్ తీగ. సప్లై లేచి అన్ని వోల్టులూ నిలకడపడ్డాక మాత్రమే, సెకనులో కొంత భాగం ఆలస్యంగా, ఈ తీగ మీద ఐదు వోల్టుల సంకేతం వస్తుంది. అది వచ్చేవరకు బోర్డు ప్రాసెసరును కదలనివ్వదు. మనకు లైన్ క్లియర్ లాంటిదన్న మాట. ఇంజను సిద్ధంగా వున్నా, గార్డు సిద్ధంగా వున్నా, లైన్ క్లియర్ లేనిదే బండి కదలదు. ఫ్యాను తిరుగుతూ, అన్ని వోల్టులూ సరిగా వుండి కూడా యంత్రంలో చలనం లేకపోతే, ఈ తీగను కొలవండి. ఆ ఒక్క తీగ పిన్ను వెనక్కి జారి వుండడం చేత మంచి బోర్డులు పారవేసినవారున్నారు.

ఇక ఫలితం. డిస్కు తగిలించాము. బోర్డు మీది బ్యాటరీ చచ్చినందున డిస్కు కొలతలను మనమే చేతితో ఎక్కించవలసి వచ్చింది. అవి డిస్కు మీది చీటీలో వున్నాయి. మూడవ ప్రయత్నంలో గిర్రున తిరిగి, పాతకాలపు టకటక శబ్దం చేస్తూ చదివింది. నాన్నగారు పెట్టిన పేరుతో ఫైలు కనిపించింది. మావయ్యగారు కళ్లజోడు తుడుచుకుని, తమ తండ్రిగారి పేరు వెతకమన్నారు. వున్నది. ఏ సంవత్సరం వచ్చారో, ఏ వూరి నుంచి వచ్చారో అన్నీ వున్నాయి. ఒక ఇంటిపేరు పక్కన "అడిగి సరిచూడవలెను" అని నాన్నగారు ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు మాట వ్రాసుకున్నారు. ఎవరిని అడగాలనుకున్నారో నాకు తెలియదు. ఆ కుటుంబం వారు సభలో వుంటే, ఆ సరిచూడడం ఈ పూట పూర్తి చేద్దాము.

ఆ ఫైలును అదే రోజు ఫ్లాపీ మీదా, దాని నుంచి కొత్త యంత్రం మీదా ఎక్కించి, కాగితం మీద అచ్చు వేసి, మూడు ఇళ్లలో మూడు ప్రతులు వుంచాము. ఇకమీదట ఒక్క తుపానుకూ, ఒక్క తెలివితక్కువ గుమాస్తాకూ అది నశించదు.

నా మనవి ఒక్కటే. మీ అటకల మీద కూడా పాత కంప్యూటర్లుంటాయి. వాటిలో దుకాణపు లెక్కలో, పెళ్లి ఫోటోలో, పోయినవారు వ్రాసిన ఉత్తరాలో వుంటాయి. పిల్లలు ఉత్సాహంగా దింపి, తీగ దొరికిందే తడవుగా ప్లగ్గు పెడతారు. పెట్టనివ్వకండి. ముందు డిస్కు తీసి పక్కన పెట్టించండి. తరువాత గోడ నుంచి మొదలు పెట్టి ఒక్కొక్క మజిలీ కొలుచుకుంటూ లోపలికి రండి. ఏదైనా అనుమానం వస్తే ఆదివారం సాయంత్రం సంఘం గదిలో నేనూ, మావయ్యగారూ వుంటాము. మీటరూ, సీరీస్ బల్బు బోర్డూ అక్కడే వున్నాయి. కాలిపోయిన నా మొదటి బోర్డు కూడా అక్కడే గోడకు తగిలించి వుంది, వచ్చినవారు ముందు దానిని చూసి లోపలికి రావాలని.

 కొత్త సంవత్సరం మీ అందరి ఇళ్లలో వెలుగు నింపాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.